పురుగును తిను మొక్కకు పట్టిన పురుగు

గడచిన వానకాలమున కాటారమందలి మన సంఘసభ్యులొకరు తమ యింటి వసారాలో వ్రేలాడదీసిన యొక పూలకుండీని మాకు చూపించిరి. హైదరాబాదులో చదువుకొనుచున్న వారి కుమారుడు అక్కడి మొక్కల అంగడిలో దానిని కొని తెచ్చెనట. దాని ఆకు కొస తీగవలె సాగును. ఆ తీగ చివర మూత గల చిన్న కూజా వంటి తిత్తి వ్రేలాడును. అందులో పడిన ఈగగాని చీమగాని మరల వెలుపలికి రాదు. ఆ వింతను చూచుటకు వాడకట్టులోని పిల్లలందరు వచ్చిపోవుచుండిరి. అయితే మేము వెళ్లునప్పటికి ఆకులు నల్లబడి, కూజాలు ఎండి ముడుచుకొని పోయినవి. ఆకుల మొదళ్లలో నున్న తెల్లని దూది వంటి పదార్థము మాత్రము చెక్కుచెదరక నిలిచియుండెను.

జరిగినదేమనగా, ఆ తెల్లని పొడిని చూచి పురుగని గుర్తించిన సభ్యులు, ఆ యుదయము ప్రత్తికి కొట్టగా స్ప్రేయరులో మిగిలిన మందునీటిని మిట్టమధ్యాహ్నము కుండీమీద కుమ్మరించిరి. ఆ నీటిలో రెండు రకముల మందులు కలిసియున్నవి. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. కుండీకి రెండు బారల దూరమున వారి తల్లిగారు మంచముపై పండుకొనియుండిరి. మూడవనాటికి మొక్క మాడినది, పురుగు మాత్రము చావలేదు.

"సారూ, ఇది పురుగులను తినే చెట్టు గదా, దీనికే పురుగు పట్టుడేంది?" అని ఆ బాలుడు మమ్మడిగెను. ప్రశ్న పిల్లవానిదే యైనను, దీనికి సరియైన సమాధానము తెలిసికొన్నచో మన మిరపతోటలలోను ప్రత్తిచేలలోను ఏటేట జరుగుచున్న పొరపాటు బోధపడును. కావున ఈ మాసపు పాఠమును ఆ కుండీనుండియే మొదలిడుచున్నాము.

ఈ కూజా మొక్కను శాస్త్రజ్ఞులు నెపెంథిస్ అందురు. మన దేశమున సహజముగా పెరుగు జాతి యొక్కటియే. అది మేఘాలయములోని గారో, ఖాసీ, జయంతియా కొండలపై నుండును. గారోలు తమ భాషలో దానిని దయ్యపు బుట్ట యనియు, ఖాసీలు రాకాసి పువ్వనియు అర్థమిచ్చు పేళ్లతో పిలుతురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది గనుక, అడవినుండి పెకలించి తెచ్చుట నేరము. అంగళ్లలో దొరకునవి తోటలలో పెంచిన సంకరజాతులు. అడవి మొక్కను చవుకగా ఇత్తునని చెప్పువానియొద్ద కొనవలదు.

మన ప్రాంతమున కూజా మొక్క లేకున్నను, పురుగులను పట్టు మొక్కలు లేకపోలేదు. వానలు వెనుకపట్టిన తరువాత యిసుక నేలలలోను, చెరువు శిఖములలోను నేలకంటుకొని రూపాయిబిళ్లంత యెఱ్ఱని చిన్న మొక్క యొకటి కనబడును. ఆకులపై నున్న వెండ్రుకల కొసలు మంచుబిందువులవలె మెరయును. అది మంచు కాదు, జిగురు. దానిపై వ్రాలిన దోమ అంటుకొనిపోవును. దీని పేరు డ్రాసిరా. చెరువునీటిపై తేలుచు పచ్చని చిన్న పూలు పూయు యుట్రిక్యులేరియా అనునది మరియొకటి. దాని నీటిలోని భాగములపై నుండు సన్నని తిత్తులు నీటిపురుగులను పీల్చి మ్రింగును. ఇంగ్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ ఇట్టి మొక్కలనుగూర్చి ఏండ్లతరబడి పరిశీలించి 1875లో ఒక పెద్ద గ్రంథమే వ్రాసెను.

ఈ మొక్కలు పురుగులను తినుట దుష్టత్వము వలన కాదు, పేదరికము వలన. అవి పుట్టిన నేలలో నత్రజని మిక్కిలి తక్కువ. వేళ్లకు దొరకని ఆహారమును ఆకులతో సంపాదించుకొనుచున్నవి. ఆకలి తీర్చుకొనుటకే గాని, తమ్ము పీడించు శత్రువును చంపుటకు ఆ బోను ఏర్పడలేదు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

కూజా పనిచేయు విధమిది. దాని అంచున తీపి రసము ఊరును. ఆ రసమునకై చీమలు, ఈగలు వచ్చును. వానతడిగాని మంచుతడిగాని తగిలినప్పుడు ఆ అంచు నూనె పూసిన గట్టువలె జారును. కాలు జారినది లోపలికి పడును. లోపలి గోడపై మైనపు పొర యుండుటచే ఎక్కిరాలేదు. అడుగున నున్న పుల్లని ద్రవములో మునిగి చచ్చి, మన కడుపులో అన్నము జీర్ణమైనట్లు కొన్నాళ్లకు కరగిపోవును. వచ్చిన చీమలన్నియు పడవు; పెక్కు చీమలు తేనె త్రాగి సుఖముగా తిరిగిపోవును.

దీనినిబట్టి ఆ బోనులో పడునది ఎవరో తెలియుచున్నది. నడచునది పడును, ఎగిరి వ్రాలునది పడును. కదలక కూర్చున్నది పడదు. బాలుని ప్రశ్నకు సమాధానమిదియే. పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంక – ఇవి సూదివంటి నోటిని ఆకులోనో కాడలోనో గ్రుచ్చి, దినముల తరబడి అక్కడనే రసము పీల్చుచు పిల్లలను పెట్టును. కూజా అంచువైపు పోవలసిన అవసరమే వానికి లేదు. తామర పురుగులు, ఎఱ్ఱనల్లి కూడ లేత చిగురులోను ఆకు అడుగునను దాగి గీరి రసము త్రాగును. వేయి చీమలను మ్రింగిన మొక్క ఒక్క పిండినల్లి ముందర నిస్సహాయముగా నిలుచును.

పైగా, మొక్క తేనె పెట్టి పిలుచుకొనిన చీమలే ఈ పీల్చు పురుగులకు కాపలాదారులగును. పిండినల్లి, పేనుబంక విసర్జించు తీపి బంకను చీమలు నాకును. అందుకు బదులుగా వాని శత్రువులను తరిమివేయును. కొన్ని సమయములందు ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు మోసికొని పోవును. మిరపమొక్కపై చీమలు బారులు తీరి ఎక్కుచుండగా చూచిన రైతు, "చీమలేమి చేయును" అని యూరకుండరాదు. ఆ బారు ఎక్కడ ముగియునో అక్కడ ఆకును తిప్పి చూడవలెను.

ఇక కూజా మొక్కకు పట్టిన పురుగును హాని లేకుండ తొలగించుట యెట్లో చెప్పెదము. మొదట చేయవలసినది మందు వెదకుట కాదు, భూతద్దము వెదకుట. పదింతలు పెద్దదిగా చూపు చిన్న అద్దము కొద్ది రూపాయలకే దొరకును. మిషను బడిలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు అట్టి అద్దమును దారము కట్టి మెడలో వేసికొనెడివారు. ఆ యలవాటు మాకును అంటినది. దానితో ఆకు అడుగు, ఆకు మొదలు, కొత్త చిగురు చూడవలెను. పిండినల్లి తెల్లని దూదివలెను, పొలుసు పురుగు గోధుమరంగు చిప్పవలెను, పేనుబంక పచ్చని చిన్న గింజలవలెను కనబడును. చిగురు వంకరపోయి, ఆకుపై వెండిరంగు గీతలున్నచో తామర పురుగని అనుమానింపవలెను. కూజాలు ఎండుటంతయు పురుగు వలననే యని తలపరాదు; గాలిలో తడి తగ్గినను, బోరునీటిలోని ఉప్పు వలనను, ఎరువు వేసినందువలనను కూడ ఎండును. ఈ మొక్కకు వాననీరే పోయవలెను. వేరుకు ఎరువు వేయరాదు.

పురుగు కనబడగానే కుండీని తక్కిన మొక్కలకు దూరముగా పెట్టవలెను. ఎక్కువగా పట్టిన ఆకులను కోసి కాల్చివేయవలెను. తక్కినవానిపై నున్న పిండినల్లిని చెవికి వాడు దూదిపుల్లతోగాని, మెత్తని కుంచెతోగాని ఒక్కొక్కటిగా తీయవలెను. డాక్టరులు సూదిమందు వేయుటకు ముందు చర్మము తుడుచు స్పిరిటును సగము నీటితో కలిపి దూదిపుల్లను అందులో ముంచినచో, పురుగుపైనున్న మైనము కరగి అది వెంటనే చచ్చును. పొయ్యి దగ్గర ఈ పని చేయరాదు. స్పిరిటు పురుగుకే తగులవలెను గాని ఆకంతయు తడుపరాదు. ఆకు కాడ మొదలున, కాండమును అంటిన సందులో, తప్పక చూడవలెను. సభ్యులవారి కుండీలో మందునీరు చేరనిది ఆ సందులోనికే.

ఒక్కమారు తుడిచి ముగిసినదనుకొనుట పొరపాటు. కంటికి కనబడని పిల్లపురుగులు, గ్రుడ్లు మిగిలియుండును. వారమున కొకమారు చొప్పున నాలుగైదు వారములు తుడువవలెను. కుండీని వ్రేలాడదీసిన తీగపై వేపనూనె తడిపిన గుడ్డ చుట్టినచో చీమల రాకపోకలు తగ్గును.

చేతితో తీరనంత ఎక్కువైనచో సబ్బునీరు కలదు. అయితే బట్టల పొడి వాడరాదు. దానిలోని సోడా ఆకును మాడ్చును. మొక్కలకొరకే తయారుచేసిన పొటాషియము సబ్బును, సీసాపై వ్రాసినదానికన్న పలుచగా కలిపి, మొదట ఒక్క ఆకుపై చల్లి రెండు దినములు ఆగి చూడవలెను. ఆకు బాగున్న తరువాతనే తక్కిన ఆకులకు చల్లవలెను. వేపనూనె విషయమును అంతియే. పొలములో లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు వాడువారు దీనికి సగము మించరాదు. ఏది చల్లినను సాయంకాలము చల్లవలెను. ఎండలో నూనె, సబ్బు రెండును ఆకును కాల్చును. చల్లుటకు ముందు ప్రతి కూజా నోటిలోను కొంచెము దూది కూరి, తరువాత తీసివేయవలెను. లోపలి ద్రవములో సబ్బు కలిసినచో ఆ కూజా పనికిరాకుండపోవును.

జిగురు వెండ్రుకల డ్రాసిరాకు సబ్బుగాని నూనెగాని తగదు. దాని బ్రతుకుదెరువైన జిగురే పోవును. పేనుబంక పట్టిన డ్రాసిరా కుండీని వాననీటిలో నిండ ముంచి ఒకటి రెండు దినములుంచి తీసినచో పురుగు ఊపిరాడక చచ్చును; మొక్క కొలది దినములలో కొత్త జిగురు పట్టును. కూజా మొక్క కీ పద్ధతి తగదు.

మరి ప్రత్తిమందు ఆ మొక్కను ఎందుకు మాడ్చెను? పురుగును ఎందుకు చంపలేదు? పెక్కు మందుల సీసాలలో విషముతోబాటు, అది నీటిలో కలియుటకై నూనెవంటి ద్రావకములును ఉండును. ప్రత్తియాకు తట్టుకొను ద్రావకమును కూజా మొక్క లేతయాకు తట్టుకొనలేదు. రెండు మందులు కలిపినప్పుడు ద్రావకము రెండింతలాయెను. దానికి మధ్యాహ్నపు ఎండ తోడైనది. పిండినల్లి మాత్రము మైనపు దుప్పటి కప్పుకొని సందులో కూర్చున్నది. పైపైన పడిన నీరు దానిపై నిలువక జారిపోయినది. మందు ఎక్కువైనందున పురుగు చచ్చునను మాట ఇట్టి పురుగు విషయమున ఏ మాత్రమును నిలువదు. మందు పురుగును చేరినప్పుడే చంపును.

ఈ మాట విన్న సభ్యులు నవ్వి, "అట్లయిన నా మిరపతోటలో జరిగినదియు నిదియేనా?" అనిరి. అవును, అదియే. 2021-22లో మన భూపాలపల్లి, మహబూబాబాదు, ఓరుగల్లు ప్రాంతములందలి మిరపతోటలలో ఏమి జరిగినదో మరచినవారుండరు. అంతకు పూర్వము మన తోటలలో నున్నది ఆకులను పైకి ముడుచు తామర పురుగు. ఆ యేట వచ్చినది పూవులలో గుంపులుగా దూరు నల్లని క్రొత్త తామర పురుగు. అది మన దేశమున మొదట 2015లో బెంగుళూరునందు బొప్పాయిపై కనబడినది. పూవులోపల దాగిన పురుగుపై రైతులు రెండు మూడు దినములకొక క్రొత్త మందు కొట్టిరి. పూత రాలినది, అప్పు పెరిగినది. పెక్కుమంది తోటలనే దున్నివేసిరి. కొట్టిన మందులలో ఎక్కువ భాగము ఆకుపై పడెను. పూవులోని పురుగును చేరినది స్వల్పము. తామర పురుగును తిను నల్లులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు ఆకుపైననే తిరుగుచుండును. చచ్చినవి అవి.

నీలిరంగు జిగురు అట్టలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. అవి మంచివే. తామర పురుగును నీలిరంగు, తెల్లదోమను పేనుబంకను పసుపురంగు ఆకర్షించును. కాని జిగురు అట్టయు కూజా మొక్కవంటిదే. రెక్కలు వచ్చి ఎగిరినదానినే పట్టును. రెక్కలు రాని పిల్లపురుగు, చిగురులో కూర్చున్న నల్లి, కాండమునకంటిన పిండినల్లి దానికి చిక్కవు. పురుగు వచ్చుచున్నదని తెలుపు గంటగా దానిని వాడవలెను. అట్టలు కట్టితిమి గదాయని ఆకు తిప్పి చూచుట మానిన రైతు, చీమలను తినుచున్నది గదాయని తన కూజా మొక్కను చూడక విడిచిన బాలునివలె మోసపోవును.

మిరపలో ఆకు అంచులు పైకి ముడిచినచో తామర పురుగు. క్రిందికి ముడిచి, ఆకు కాడ సాగినచో తెల్లనల్లి. రెండింటికిని మందు ఒకటి కాదు. తామర పురుగు మందును నల్లికి కొట్టినచో నల్లి చావదు, నల్లిని తిను పురుగు చచ్చును. తరువాత నల్లి రెండింతలగును. పైముడత మొదటి దశలో నున్నప్పుడు 5 కిలోల వేపగింజల పొడిని గుడ్డమూట కట్టి రాత్రి నీటిలో నానవేసి, ఉదయము పిండి వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి మొత్తము 100 లీటర్లు చేసి సాయంకాలము ఆకు అడుగు తడియునట్లు చల్లవలెను. తోట చుట్టును రెండు మూడు సాళ్లు జొన్నగాని మొక్కజొన్నగాని దట్టముగా వేసినచో గాలిలో కొట్టుకొనివచ్చు పురుగులు కొంత ఆగును. యూరియా అతిగా వేసిన చేలో ఆకు మెత్తబడి పీల్చు పురుగు వృద్ధియగును. ఎరువు వేసి కూజా మొక్కను చెరచినట్లే యిదియు.

పిండినల్లి విషయమున మరియొక సంగతి కలదు. 2005 తరువాత గుజరాతు, పంజాబు మొదలగు ప్రాంతములలో ప్రత్తిపై పిండినల్లి భయంకరముగా విజృంభించి, పిమ్మట దక్షిణమునకును వ్యాపించెను. దానిని అణచినవానిలో ముఖ్యమైనది చీమకన్న చిన్నదైన యొక కందిరీగ జాతి. అది పిండినల్లి శరీరములో గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపలనుండి తినును. అట్లు తినబడిన పిండినల్లి తెల్లదనము పోయి గోధుమరంగు గట్టి గింజవలె మారును. అట్టి గింజలు కనబడు మొక్కపై మందు కొట్టరాదు. అవి మన సైన్యము యొక్క గుడారములు. అక్షింతల పురుగులలో పిండినల్లిని, పొలుసు పురుగులను తిను నొక జాతిని 1898లోనే ఆస్ట్రేలియానుండి మన దేశమునకు తెచ్చిరి. దాని పిల్ల కూడ తెల్లని మైనపు కుచ్చులతో పిండినల్లివలెనే యుండును. దానిని శత్రువని నలిపివేసిన రైతులను మేము చూచియున్నాము. ఒకమారు మేమును నలిపితిమి. చురుకుగా పరుగెత్తునది మిత్రుడు, బద్ధకముగా కూర్చున్నది శత్రువు. అద్దము లేనప్పుడు ఈ గుర్తు చాలును.

ఇక సభ్యులవారి తల్లిగారి మంచము మాట. దానిని చివరకు ఉంచితిమి గాని చిన్న విషయమని కాదు. 1997 మొదలు 2002 వరకు ఓరుగల్లు ప్రభుత్వ ఆసుపత్రిలో పురుగుమందు విషమునకు లోనై చేరినవారు 8,040 మందియని వైద్యులు లెక్క వ్రాసిరి. 1997-98లో ప్రత్తిని లద్దెపురుగు నాశనము చేసినప్పుడు ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిన రైతుల కుటుంబములు నేటికిని మన నడుమ నున్నవి. ఇంటిలో అందుబాటున నున్న సీసా ఒక్క దుఃఖపు ఘడియలో చేతికి వచ్చును. కావున మందును తాళము గల పెట్టెలో, పడుకొను ఇంటికి వెలుపల ఉంచి, తాళపుచెవి ఒక్కరియొద్దనే యుండనిండు. మిగిలిన మందునీటిని ఇంటికి తేవలదు. ఎంత చేనికి ఎంత కావలెనో అంతే కలుపుకొనవలెను. ఖాళీ డబ్బాకు చిల్లు పొడువవలెను, నీళ్లకు వాడరాదు. కొట్టునప్పుడు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, గాలికి వీపు. పని ముగియగానే సబ్బుతో స్నానము. ఎవరికైన కన్ను మసకబారి, నోట చొంగ కారి, చెమట పట్టినచో ఆలసింపక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మందు లేకుండ సేద్యము సాగదను వారికి మన జనగామ జిల్లా లింగాలఘనపురం మండలములోని ఏనబావి గ్రామమును చూపెదము. ఆ చిన్న గ్రామపు రైతులందరును కలిసి పురుగుమందులను మాని, పిమ్మట రసాయనపు ఎరువులను కూడ మాని, 2006 నాటికి ఊరంతయు మందులు లేని సేద్యమునకు వచ్చిరి. వేపగింజల కషాయము, ఎర పంటలు, పేడ మూత్రములతో చేసిన ద్రవములు, ఆకు తిప్పి చూచు అలవాటు – వారి సాధనములివి. ఒక్కరు మానిన ప్రక్క చేని మందు వారి చేనిలోని మిత్రపురుగులను చంపును గనుక ఊరంతయు ఒక్కమాటపై నిలిచిరి. సంఘముగా నున్న మనకు ఈ సంగతి ప్రత్యేకముగా గమనింపదగినది. కాటారపు రైతులు ఒక్కసారిగా అట్లు మారవలెనని మేము చెప్పము. నేల వేరు, అప్పు వేరు. ఒక వాడలోని పది మిరపతోటలవారు ఒక్క కాలము కలిసి చేసి చూచిన చాలును.

ఆ కుండీ సంగతి ఏమాయెనని కొందరడిగిరి. నల్లబడిన ఆకులన్నిటిని కోసివేయించి, కాండమును జానెడు ఎత్తున కత్తిరించి, సందులలోని పిండినల్లిని దూదిపుల్లతో ఐదు వారములు తుడిపించితిమి. తుడిచినది ఆ బాలుని నాయనమ్మగారే. ఆరవ వారమున మొదలునుండి పచ్చని చిగురు రెండు వ్రేళ్ల పొడవు వచ్చినది. కూజా యింకను కట్టలేదు. తమ తోటలో ముడుచుకొన్న ఆకునుగాని, ఏ పురుగో తెలియని తెల్లని పొడినిగాని చూపదలచినవారు ఆకును పాలిథిను సంచిలో గాక కాగితపు పొట్లములో చుట్టి, సంత దినమున సంఘము కార్యాలయమునకు తెచ్చినచో అద్దముతో కలిసి చూచెదము.